తెరుచుకోని ఫోల్డర్

"పదమూడు నిమిషాలు!" సీతారత్నం గోడ గడియారం చూసి పళ్ళు కొరికింది. తెరమీద ఫోల్డర్ ఇంకా తెరుచుకోలేదు.

చీమకుర్తి కార్మికుల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. పద్దెనిమిది వేల ఎక్స్‌రేల నకళ్ళు ఇంట్లో పాత కంప్యూటర్లో దాచింది. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన క్వారీ కూలీలకు ఇప్పుడవే సాక్ష్యం. క్రితం వాయిదాలో ఈ ఫోల్డర్ తెరుచుకునేలోపే కూలీల నష్టపరిహారం కేసు వింటున్న అధికారి లేచి వెళ్ళిపోయాడు. క్వారీ వకీలు పగలబడి నవ్వాడు. రేపే ఆఖరి వాయిదా.

"డిస్కుకేం కాలేదమ్మా," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే మొహిద్దీన్ బాషా. "అన్నీ ఒక్క ఫోల్డర్లోనే కుక్కారు. తెరిచినప్పుడల్లా ప్రతిదానికీ చిన్న బొమ్మ చూపించాలని పాపం అవస్థపడుతుంది. బొమ్మలు ఆపేసి పేర్లే చూపించమందాం. ఫైలు పేర్లలోనే ఏడాదీ మనిషి పేరూ ఉన్నాయిగా, మీరు ఏడాదికో ఫోల్డర్, అందులో అక్షరానికో ఫోల్డర్ చేసి గుంపులుగా లాగేయండి. పరిగెత్తుద్ది."

అతను బొమ్మలు ఆపేసి వెళ్ళాడు. ఆమె ఫైళ్ళు సర్దుతుండగా క్వారీ మేనేజర్ రామకాంత్ కొత్త లాప్‌టాప్‌తో దిగాడు.

"ఈ డొక్కుతో ఎందుకండీ? ఇది ఉంచుకుని పాతది మాకిచ్చేయండి. మీ కళ్ళు పాడవుతాయని అయ్యగారు ఒకటే బాధపడుతున్నారు."

"మీ క్వారీలో రాళ్ళు కొట్టిన బుల్లయ్య ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడు. ఆ బాధ లేదా మీ అయ్యగారికి?"

"ఆయనకి మీ మీద కోపం లేదండీ. రేపొక్కరోజు రాకండి, చాలు."

"వస్తాను. దీన్ని నెత్తిన పెట్టుకునైనా వస్తాను. పోయి చెప్పు!"

తలుపు ధడాలున వేసి, మళ్ళీ కుర్చీ లాక్కుంది. దీపాలు పెట్టేవేళకి ఆఖరి ఫైలు కూడా తన చోటికి చేరింది.

మర్నాడు కంప్యూటర్ను ఆటోలో ఎక్కించుకుని ఒంగోలు వెళ్ళింది.

"బుల్లయ్య. పనిలో చేరిన ఏడాది," అన్నాడు అధికారి.

సీతారత్నం వేలు కదిలింది. రెప్పపాటులో తెరమీద మచ్చలేని ఊపిరితిత్తులు.

"పదేళ్ళ తర్వాతది?"

మళ్ళీ రెప్పపాటే. ఈసారి నిండా తెల్లమచ్చలు. బెంచీమీద బుల్లయ్య దగ్గాడు. వకీలు నవ్వలేదు.

అధికారి ఇరవై పేర్లు అడిగాడు. ఇరవైయీ తెరుచుకున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి ఆమెకేసి చూశాడు.

"ఇంత పట్టుదలేమిటమ్మా? ఆ యజమాని మీద మీకేమైనా పగా?"

ఆమె ఎదురు వరసలో తలదించుకుని కూర్చున్న యజమాని వైపు చూసింది.

"వాడు నా కొడుకండీ."