మరిచిపోని పెట్టె

"ఆ పెట్టెలో ఏముందో చూపించేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు!" కరెంటు బోర్డుల గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఆమె.

సబ్బుల ఫ్యాక్టరీలో ఆమెది ప్యాకింగ్ పని. మొగుడు మిక్సర్ మీద పనిచేసేవాడు. రెక్కలకు పట్టిన సబ్బు గీకుతుంటే మిక్సర్ తిరిగింది. మనిషి దక్కలేదు. కరెంటు ఆపకుండా చెయ్యి పెట్టాడని తేల్చేశాడు మేనేజరు. అక్కడితో ఊరుకున్నాడా? ఆమె మొగుడి ఫొటో పెద్దది చేయించి, కింద "నిర్లక్ష్యం చేస్తే ఇంతే" అని రాయించి, గేటుకు తగిలించాడు. రోజూ ఆ ఫొటో పక్కనుంచే ఆమె పనిలోకి రావాలి.

"వదినా, పోయిన మనిషి ఎలాగూ రాడు. ఇంటికి పద," అన్నాడు మరిది. ఆ ఫ్యాక్టరీకి ఎలక్ట్రీషియను అతనే.

"మనిషి రాడు, సరే. పేరైనా రావద్దా? స్టవ్వు ఆపానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కొచ్చి చూసుకునే మనిషి మీ అన్న. ఆయన కరెంటు ఆపకుండా చెయ్యి పెడతాడా?"

మరిది పనిముట్ల సంచీ సర్దుకోసాగాడు.

"ఈ మీటరు పెట్టె బిగించిన రోజు ఇంటికొచ్చి ఎన్ని గొప్పలు పోయావయ్యా! కరెంటు ఎంత బలంగా వస్తోందో, ఎంత పారుతోందో రెండూ హెచ్చించి, క్షణం క్షణం కూడుకుంటూ పోతుందన్నావు. ఒక్కో మిషనుకీ ఒక్కో వరసన్నావు. నిమిషానికోసారి కడుపులో దాచుకుంటుంది, కరెంటు పోయినా మరిచిపోదన్నావు. ఇప్పుడేమైంది, నోరు పడిపోయిందా?"

"అది... ఒక్కోసారి తప్పు చూపిస్తుంది వదినా."

"పెట్టె తప్పు చూపిస్తుందో, నువ్వు తప్పు దాస్తున్నావో!"

గొడవ విని మేనేజరు వచ్చాడు. "చూపించవయ్యా బాబూ. ఆమె అనుమానం తీరుతుంది, నా తలనొప్పీ తీరుతుంది."

మరిది మీట నొక్కుతూ నొక్కుతూ అన్న పోయిన మధ్యాహ్నానికి వెనక్కి వెళ్ళాడు. చిన్న తెర మీద మిక్సర్ వరస వెలిగింది. నిమిషం నిమిషానికీ పెరుగుతూ వచ్చిన అంకె ఒకచోట ఆగిపోయింది. కాసేపు కదలకుండా ఉంది. మళ్ళీ పెరిగింది.

"ఆగింది! అదిగో, ఆగింది సార్! మా ఆయన కరెంటు ఆపాకే చెయ్యి పెట్టాడు!" గోడకు జారగిలబడి భోరుమంది ఆమె.

మేనేజరు మొహం మాడిపోయింది. "ఆ ఫొటో తీయిస్తానులే," అని గొణిగాడు. "అయితే మళ్ళీ స్విచ్ వేసిందెవరు?"

ఆమె ఏడుపు టక్కున ఆగింది. ఇన్నాళ్ళూ మరిది వద్దు వద్దంటున్నది ఎందుకో తట్టింది. లేచి వెళ్ళి అతని చొక్కా పట్టుకుంది.

"నువ్వేనా?"

"నేనే వదినా."

"తోడబుట్టినవాణ్ణే పొట్టన పెట్టుకున్నావా! పైగా నా చేతి అన్నం తింటూ, నా మొహం చూస్తూ తిరిగావా! ఆ స్విచ్ వేసిన చెయ్యి పడిపోనూ!"

"ఆగమ్మా, ఆగు," అన్నాడు మేనేజరు. "నువ్వెలా వేస్తావయ్యా? అప్పుడు నా గదిలో నిచ్చెనెక్కి ఏసీ విప్పుతున్నావు కదా!"

మరిది గబుక్కున తెర ఆర్పబోయాడు. మేనేజరు అతని చెయ్యి పక్కకు తోసి, కింది వరస మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, ప్యాకింగ్ బెల్టు. మిక్సర్ ఆగిన నిమిషంలోనే ఇదీ ఆగింది, అది తిరిగిన నిమిషంలోనే ఇదీ నడిచింది. అంటే మీ అన్న రెండిటికీ కలిపి ఉన్న పెద్ద స్విచ్ ఆపాడు. బెల్టు ఊరికే ఆగిపోయిందనుకుని ప్యాకింగ్ వాళ్ళెవరో వచ్చి మళ్ళీ వేశారు."

బెల్టు ఆగినప్పుడల్లా విసుక్కుంటూ వెళ్ళి ఆ స్విచ్ వేసి వచ్చే ఆమె కుడిచెయ్యి, ఇంకా మరిది చొక్కా పట్టుకునే ఉంది.