రెండడుగుల తేడా

"బడి గేటు దగ్గర్నుంచే కదండీ కొలవాల్సింది?" టేపు చుట్ట పట్టుకుని వచ్చినతను వినయంగా అడిగాడు.

లెక్కల టీచరుకి ప్రాణం లేచొచ్చింది. బడికి రెండు వందల మీటర్ల లోపల మత్తుమందు అమ్మితే శిక్ష రెట్టింపని చట్టం వచ్చి నెల దాటింది. హద్దు కొలిచి బోర్డు పెట్టండి మహాప్రభో అని ఆవిడ పోలీస్ స్టేషన్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఇన్నాళ్లకి ఒక మనిషి కదిలాడు.

"గేటు నుంచే బాబూ. ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటాను" అని టేపు కొస అందుకుంది.

ఎండ మాడ్చేస్తోంది. అతను మాటల్లో పెట్టి అన్నీ అడిగాడు. పెద్ద పిల్లలు ఎటువైపు వెళతారు, ఎన్నింటికి వదులుతారు, వెనక గేటు వాడతారా. ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. పిట్ట గురించీ చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల. బక్కపల్చగా ఉంటుందని అందరూ పిట్ట అనేవాళ్లు. లెక్కల్లో దిట్ట. రెండేళ్ల కిందట పార్కు బెంచీ మీద శవమై దొరికింది. ఆ పిల్లకి పొట్లం అమ్మినవాడు ఏడాది తిరక్కుండా జైలు నుంచి బయటికొచ్చాడు.

అతను "అయ్యో" అని తల దించుకున్నాడు.

యాభై మీటర్ల టేపుని నాలుగోసారి లాగి, కుట్టు మిషన్ల దుకాణం ముందు సుద్దతో గీత గీశాడు.

"ఆగాగు. టేపు వేలాడుతోంది. అలా కొలిస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది. నువ్వు గీసింది రెండు వందలకి ఇవతలే" అంది టీచరు. లెక్క తప్పితే ఆవిడకి అన్నం సహించదు. "రేపు కోర్టులో లాయరు దీన్నే పట్టుకుంటే?"

"నిజమేనండోయ్! మీరు చెప్పకపోతే కొంప మునిగేది."

మళ్లీ మొదట్నుంచీ కొలిచారు. ఈసారి ఆవిడ చేతులు నొప్పెట్టేలా బిగించి పట్టుకుంది. గీత రెండడుగులు అవతలికి జరిగింది. అతను పాత గీతని చెప్పుతో చెరిపి, కొత్తదాన్ని తెల్లరంగుతో దిద్ది, దణ్ణం పెట్టి వెళ్లాడు.

నెల గడిచినా బోర్డు రాలేదు. స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "వస్తుంది లెండి" అన్నారు. ఆవిడ బస్సు దిగేది ఇంకోవైపు, గీత దాకా మళ్లీ వెళ్లింది లేదు. ఈలోగా పదో తరగతి పిల్లలిద్దరు ఆసుపత్రి పాలయ్యారు. అందులో ఒకడు దక్కలేదు.

మూడోరోజు ఎస్సై బడికి వచ్చాడు.

"అమ్మినవాణ్ణి పట్టుకున్నాం టీచర్. కానీ రెట్టింపు శిక్ష పడదు. నిన్న మేమే కొలిచి చూశాం. హద్దుకి జానెడు అవతల పెట్టాడు బడ్డీ."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. "తెల్లగీత సరిగ్గానే పడిందన్నమాట. ఆరోజు మీవాడు కొలుస్తుంటే టేపు కొస పట్టుకున్నది నేనే."

ఎస్సై వింతగా చూశాడు.

"మావాడెవడు టీచర్? మేం నిన్నటిదాకా ఎవర్నీ పంపలేదు. టేపొకటి దొరికింది ఆ బడ్డీలో."