సింహాద్రి వాపసు ఫారం

ఇంటింటా చార్జింగ్‌తో నడిచే రోబో కుక్కలే ఉన్న రోజుల్లో, ముక్తేశ్వరరావు మాత్రం "ఈసారి ప్రాణమున్న కుక్కనే పెంచుతా" అని అపార్ట్‌మెంటంతా చాటింపు వేసి, కుక్కల షెల్టర్ నుంచి పదమూడేళ్ల సింహాద్రిని తెచ్చుకున్నాడు. మర్నాడు పిలిస్తే అది పలకలేదు. ఆయన పాత అలవాటు కొద్దీ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి స్విచ్ కోసం వెతికాడు. సింహాద్రి తనని ముద్దు చేస్తున్నాడనుకుని హాయిగా వెల్లకిలా పడుకుంది.

చాప తడిసి కనిపించేసరికి షెల్టర్‌కి ఫోన్ చేశాడు. "ఏదో లీకేజీ ఉన్నట్టుందమ్మా!"

"ముసలిది కదండీ, ఆపుకోలేదు," అంది అక్కడి అమ్మాయి. "వద్దనుకుంటే పదిహేను రోజుల్లో వాపసు ఫారం నింపి ఇవ్వండి. ఇంకెవరూ తీసుకోరు గానీ..."

పదిహేనో రోజు ఆయన ఫారం నింపి, తప్పులు చూడమని భార్య హైమవతి చేతికిచ్చాడు. ఆవిడ పైకే చదివింది.

"మధ్యాహ్నం గురక పెడుతుంది. మెట్లెక్కితే ఆయాసం. పిలిస్తే వినపడదు. పెట్టింది తినకుండా మొహం తిప్పుకుంటుంది." అక్కడ ఆగి, ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ లెక్కన నేను మిమ్మల్ని ఏనాడో వాపసు ఇచ్చేయాల్సిందండీ. గడువు దాటిపోయింది, ఏం చేస్తాం!"

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక, ముక్తేశ్వరరావు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, తడి పీల్చుకుంటుందని సింహాద్రి చాప కింద వేశాడు. పక్కనే కుర్చీలో వాలాడు.

"ఏవండీ, కాఫీ!" అని హైమవతి పిలిచింది. మళ్లీ పిలిచింది.

మూడో కేకకి ఆయనా, సింహాద్రీ ఒకేసారి తలెత్తి, "నన్నేనా?" అన్నట్టు వంటింటి వైపు చూశారు.