ఒక తలుపు ఎక్కువైంది

"నాన్నా, మన ఇంటికి ఎన్ని తలుపులు కోశావు?"

"నాలుగు. మనం నలుగురమేగా!" అన్నాడు వడ్రంగి, కత్తి పెట్టెలో సర్దుతూ.

"మళ్లీ లెక్కపెట్టు."

లెక్కపెట్టాడు. అట్టమీద గీసిన ఇంటికి అయిదు తలుపులున్నాయి.

బళ్లో కుటుంబం పాఠానికి ప్రాజెక్టు అది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తలుపులు. తలుపు తెరిస్తే వెనక అంటించిన కాగితం మీద ఆ మనిషి బొమ్మ కనబడాలి. కత్తిపని ఒక్కటే పెద్దవాళ్లు చెయ్యొచ్చు. లెక్క తప్పిన ఇల్లు క్లాసు గోడకి తగిలించనని టీచరు ముందే చెప్పేసింది. కూతురికేమో తన ఇల్లు ఆ గోడమీద చూసుకోవాలని వారం రోజులుగా ఒకటే ఆరాటం.

"ఊళ్లో అందరి ఇళ్లకీ తలుపులు బిగిస్తాడు, సొంతింటికొచ్చేసరికి చేతకాలేదు!" అని పకపకా నవ్వింది అతని తల్లి.

తప్పెక్కడ జరిగిందో అతనికి తెలుసు. ఏ చెక్క ఎప్పుడు పగులుతుందోనని కొట్లో ఏ పనికైనా ఒక ముక్క ఎక్కువే కోసి పెట్టుకుంటాడు. ఆ పాడు అలవాటు అట్టమీద కూడా తన బుద్ధి చూపించింది. కూతురు నాలుగు తలుపుల వెనక నలుగురి బొమ్మలూ వేసేసింది, అయిదోది ఖాళీ. ఇంకో అట్ట లేదు. బడి బస్సొచ్చే వేళైంది.

"పోనీ జిగురుతో మూసేద్దామా తల్లీ?"

"మూసినా గీత కనబడుతుందిగా నాన్నా!"

"అయితే పిల్లి బొమ్మ వేసెయ్."

"మనకి పిల్లెక్కడుంది? అబద్ధాలు వేస్తే టీచరు ఊరుకోదు."

వేలెడంత పిల్ల ముందు అంత పెద్ద మేస్త్రీ మళ్లీ తలుపులు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

అంతలో అతని భార్య నీళ్ల బకెట్ ఎత్తబోయింది. అతని తల్లి ఒక్క ఉదుటున లేచి దాన్ని లాక్కుంది.

"నువ్వు కూర్చోవే అమ్మా, నేను మోస్తాను."

మొన్నటిదాకా కోడలు కాస్త నడుం వాలిస్తే సణిగిన మనిషి! ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో ఏమో అనుకున్నాడతను. కానీ ఆ వింత సంగతి ఆరా తీసే తీరిక ఎక్కడిది?

"ఏవండీ, ఆ పెన్సిల్ ఇలా ఇవ్వండి," అంటూ భార్య అట్ట అందుకుని, గోడవైపు తిరిగి ఏదో గీసింది. వెనకనుంచి తొంగిచూసిన అత్తగారు నవ్వాపుకోలేక చేత్తో నోరు మూసుకుంది.

"అమ్మా, పిల్లి వద్దన్నానుగా!" అని గోల పెట్టింది కూతురు.

"పిల్లీ కాదు, అబద్ధమూ కాదు. లెక్క సరిపోయింది. కావాలంటే మీ నాన్నని చూసుకోమను."

ఇదేదో తనని ఆటపట్టించడానికే అనుకుంటూ అతను ఒక్కో తలుపే తెరిచాడు. మొదటిదాని వెనక రంపం పట్టుకుని తనే ఉన్నాడు. రెండోదాని వెనక భార్య, మూడోదాని వెనక బోసినోటితో అమ్మ, నాలుగోదాని వెనక రెండు జడలతో కూతురు. అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. భార్య మాత్రం అతని మొహం వంకే చూస్తోంది. అతను అయిదో తలుపు తెరిచాడు.

లోపల ఊయల ఉంది.