ముందు వరసలో చోటు

స్టేడియం తలుపులు ఇంకాసేపట్లో తెరుస్తారనగా, ముదురాకుపచ్చ కోటు వేసుకున్న ఓ పెద్దావిడ వచ్చి, క్యూ మొదట్లో బ్రిన్ పక్కనున్న ఖాళీలో నిలబడింది.

"అక్కడ కాదండీ. ఆ చోటు ఒకరిది," అంది బ్రిన్.

ఆ ఒకరు మంచుపిట్ట. గాయని మేవ్ టోలివర్ అభిమానుల గుంపుకి పెద్దక్కలాంటిది. ఆ గుంపంతా నెట్‌లోనే. అసలు పేర్లు అడగరు, ఫోన్లు చేసుకోరు, రాసుకోవడమే. చదువు మానేసి గదిలో ముడుచుకుపోయిన బ్రిన్‌కి రోజుకో పాట పంపి మనిషిని చేసింది మంచుపిట్టే. విన్నిపెగ్ కచేరీకి వస్తానని తన ఫోన్ నంబరు పంపితే, ముందు వరసలో చోటు పట్టి ఉంచుతానని బ్రిన్ మాటిచ్చింది. కొన్నాళ్లుగా అట్నుంచి జవాబు లేదు. అయినా బ్రిన్ చలికి వణుకుతూ ఆ చోటు కాస్తూనే ఉంది.

"ముందు వరసలో తనకి చోటు ఉంచుతారని మా టెస్ చెప్పిందమ్మా," అంది పెద్దావిడ.

"టెస్ అనేవాళ్లెవరూ మా గుంపులో లేరే. ఇంతకీ తనేదీ?"

"రాలేదమ్మా," అంది ఆవిడ నేల చూస్తూ.

"పొద్దుట్నించీ ఇలాంటి కథలు ఎన్ని వినలేదు! పరీక్ష పెట్టు బ్రిన్," అన్నాడు వెనకున్న కుర్రాడు.

ముందుకి చొరబడేవాళ్లని ఆ క్యూలో అలాగే పట్టుకుంటారు.

"మేవ్ మొదటి ఆల్బమ్ ఏది?"

"నీలం అట్ట ఉంటుంది, అదేనా?"

అందరూ కిసుక్కుమన్నారు.

"మొదటి కచేరీ ఏ ఊళ్లో?"

"తెలీదమ్మా."

"పోనీ, ఒక్క పాట పాడండి."

ఆవిడ సన్నగా ఓ ముక్క కూనిరాగం తీసింది. అది ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది.

"టెస్ గది తలుపు బయట నిలబడి విన్నదే. సరిగా రాదు," అంది నొచ్చుకుంటూ.

"తలుపు బయట విన్నవాళ్ల చోటు క్యూ చివర మామ్మగారూ," అంది బ్రిన్.

క్యూ అంతా గొల్లుమంది. తన మాట బాగా పేలినందుకు బ్రిన్ మురిసిపోయింది.

పెద్దావిడ క్యూ చివరికి కూడా వెళ్లలేదు. బస్‌స్టాపు వైపు నడిచింది.

తలుపులు తెరుచుకున్నాయి. వెనకనుంచి ఒకటే తోపులాట. ఇక ఆగలేక, బ్రిన్ మొదటిసారి మంచుపిట్టకి ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"మంచుపిట్టా, ఎక్కడున్నావ్? నీ చోటు నేనింకా వదల్లేదు."

"ఇది మా టెస్ ఫోనమ్మా. మోగితే ఎత్తడమే తప్ప అందులో ఇంకేం చూడ్డం నాకు రాదు."

ఆ గొంతు బ్రిన్ గుర్తుపట్టింది. చెవులు భగ్గుమన్నాయి.

"టెస్ పోయిన నెల్లో పోయిందమ్మా. 'అక్కడ నాకో చెల్లెలుంది, నా బదులు నువ్వెళ్లి దాని పక్కన నిలబడమ్మా' అంది చివర్లో. ఆ చెల్లెలివి నువ్వేనా?"

అవునని ఏ మొహంతో చెప్పాలి?

"వచ్చాను గానీ, నాకు పాటలు రావని ఒకమ్మాయి పంపేసింది. తనని ఏమీ అనకు తల్లీ," అంది ఆవిడ. "పాపం, ఆ పిల్లకి అన్నీ బాగా తెలుసు, మా టెస్ చోటు తనకే ఇచ్చెయ్యి."