ఏ పలక?

"నువ్వన్నది ఏ పలక?" ఎస్సై రెండోసారి అడిగాడు.

మార్కాపురం పోలీసు స్టేషన్లో బల్లకు ఇవతల నిలబడ్డ రామసుబ్బయ్య శెట్టి కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఆయన పలకల వర్తకుడు. అభ్యర్థికో రంగు పెట్టెలో ఓట్లు వేసే ఆ రోజుల్లో, జిల్లా బోర్డు ఎన్నికల్లో ఎర్రపెట్టె మనిషి.

"పలకంటే పలకే గదండీ. ఈ ఊళ్ళో ఎవర్నడిగినా రాతి పలకే చూపిస్తారు. పిల్లోళ్ళు రాసుకునేది."

"జ్ఞానయ్య వాయించే తప్పెటను గూడా ఈ ఊళ్ళో పలకే అంటారు."

శెట్టి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

నిన్న సంతలో బండెక్కి ఆయన ఉపన్యాసం ఇస్తుంటే, అవతల తెల్లపెట్టె వాళ్ళ తరఫున జ్ఞానయ్య తప్పెట మోగించాడు. అంతసేపూ శెట్టి మాట పక్కనున్న ఎద్దులకు కూడా వినబడలేదు. ఒళ్ళు మండి, ఉన్న గొంతంతా పెట్టి, "ఆ పలక పగలగొట్టండి! ఎవడడ్డం వస్తాడో చూస్తా!" అని అరిచాడు. ఆ రోజు జనం విన్న ఉపన్యాసం అదొక్కటే. ఎవడో కట్టె ఎత్తాడు. తప్పెట పగిలింది. జ్ఞానయ్య కుడిచెయ్యి విరిగింది.

"నిన్న నేను కంభంలో ఉన్నా," అన్నాడు ఎస్సై. "మా కానిస్టేబులు రాసుకొచ్చిన మాట ఒక్కటే, పలక పగలగొట్టండని. అది తప్పెటైతే, చెప్పిన నువ్వూ, కట్టె ఎత్తినవాడూ కర్నూలు జైలుకు పోతారు. వాడెవడైనా సరే, ఇల్లిల్లూ గాలించి పట్టుకొస్తా. రాతి పలకైతే మాత్రం తొక్కిసలాటలో తగిలిన దెబ్బని రాసి కాగితం మూసేస్తా."

"సభకు మీరే గదా లైసెన్సు ఇచ్చినారు. నోరు మూసుకొని సభ చేసుకోమని అందులో రాసిలేదే?"

"నోరు తెరుచుకోమనే ఇచ్చినాం. చేతులు విరగ్గొట్టమని కాదు."

"నా చేతులు బండి మీదనే ఉన్నాయి సార్. గాలికి పోయిన మాటకు నేను పూచీనా?"

అంటూనే ఆయనకు ఉపాయం తోచింది. పుచ్చు సరుకును మంచి సంచిలో పోసి మూతి కుట్టడం వర్తకుడికి ఒకరు నేర్పాలా?

"తెల్లపెట్టె ఆయన పొద్దునొక వాగ్దానం రాస్తాడు, మాపటికి తుడిపేస్తాడు. అట్లాంటి పలకను పగలగొట్టండి అన్నా. ఉపన్యాసమన్నాక మాట కొంచెం చమత్కారంగా ఉంటది సార్."

అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే ఆయనకే ముచ్చటేసింది. తలతిప్పేసరికి గుమ్మంలో జ్ఞానయ్య ఉన్నాడు. చేతికి వెదురుబద్దల కట్టు. పక్కన భార్య ఎలీషబా.

"రాతి పలకంట!" ఆమె గుమ్మంలోంచే అందుకుంది. "మా ఇంటాయన తట్టు చెయ్యి చూపించి మరీ అన్నాడని సంతకు పోయినోళ్ళంతా చెప్తా ఉన్నారు దొరా!"

"నువ్వు చూసినావా?"

"నేను కళ్ళంలో ఉన్నా."

"అయితే ఊరుకో. ఏం జ్ఞానయ్యా, కిరస్తానమోడివి, నీకు తప్పెటేందిరా?"

"జాతరకు కొట్టొద్దన్నాడు దొరా మా పాదిరి. ఓట్లకు కొట్టొద్దనలా. ఓట్లలో ఏ దేవుడూ ఉండడు గదా."

కానిస్టేబులు నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. "దెబ్బ తిన్నది నువ్వు. నువ్వేం చెప్తే అదే రాస్తా. శెట్టి అన్నది ఏ పలక?"

శెట్టి గుమ్మం వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. తను చెయ్యి చూపించినప్పుడు జ్ఞానయ్య సూటిగా తన మొహంలోకి చూశాడు. ఆ చూపు నిన్నటి నుంచి వదలడం లేదు.

"రాతి పలకే దొరా," అన్నాడు జ్ఞానయ్య.

"ఏంది నువ్వు చెప్పేది!" ఎలీషబా నిర్ఘాంతపోయింది.

"నువ్వుండు. రాసేది, తుడిపేది అంటా ఉన్నాడు సెట్టిగారు. జనం ఇంకోటి అనుకున్నారు. తోపులాటలో నేను కింద పడినా."

"కట్టె ఎవరెత్తినారో చూసినావా?"

"ఒకటే దుమ్ము దొరా. ఏం కనపడలా."

ఎస్సై ఆ మాటలే రాసి కలం కింద పెట్టాడు. "ఏలిముద్ర వెయ్యి. ఎడమచేతిది."

"ఇంక ఉండేది అదే గదా దొరా."

కాగితం మూసేశారు. గెలిచిన బేరమే, కానీ శెట్టికి తలెత్తబుద్ధి కాలేదు. పుచ్చు సరుకు తను అమ్మాడు, చెయ్యి విరిగినవాడు దానికి సాక్షిగా వేలిముద్ర వేశాడు. బయట ఎర్రపెట్టె మనుషులు చప్పట్లు కొట్టబోతే కసిరి పంపేసి, జ్ఞానయ్య వెంట నడిచాడు. ఎలీషబా మొగుణ్ణి తిట్టుకుంటూ ముందు పోతోంది.

"జ్ఞానయ్యా, ఆగు. నేనన్నది నీ పలకనే."

"తెలుసు సెట్టిగారూ."

"నాకు భయపడి చెప్పినావా?"

"లేదు."

"మరి? నన్ను కాపాడాల్సిన ఖర్మ నీకేంది? చెప్పు, ఏం కావాల నీకు? నా బండి కడతా, కంభం ఆసుపత్రికి పోదాం."

"చెయ్యి అదే అతుక్కుంటదిలే." జ్ఞానయ్య గొంతు తగ్గించాడు. "మీకోసరం కాదు సెట్టిగారూ. దుమ్మనేది అబద్ధం. కట్టె ఎత్తినోణ్ణి నేను చూసినా. మీ కొట్టంలోనే పలకలు కోస్తాడు. మీ మాటంటే వానికి బైబిలు."

"ఎవడు వాడు?"

జ్ఞానయ్య ఎడమచెయ్యి ఎత్తి దారి మీదికి చూపించాడు.

"అదిగో, ముందర పోతా ఉందే, వాని తల్లి. ఆమెకు మాత్రం చెప్పొద్దండి."