రిజిస్టర్‌లో ఎర్రగీత

మంచు తుఫానులో మా లోయ ఆసుపత్రిని నడిపినవాళ్ళకి సన్మానం. హెడ్‌నర్సునని మొదటి శాలువా నాకే కప్పారు. తలుపు దగ్గర నిలబడి ఆయా జూనా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

కరెంటు పోయిన ఆ మూడు రోజులూ బాలింతల మంచాల దగ్గర కాంగ్డీ కుంపట్లు ఆరకుండా చూసింది ఆమే.

వేదిక దిగుతూనే గుమస్తా మీద విరుచుకుపడ్డాను. "జూనా పేరెలా మర్చిపోయావయ్యా?"

"మర్చిపోలేదు సిస్టర్. మూడు రోజులూ హాజరైనవాళ్ళకే శాలువా. మొదటిరోజు ఆమె ఆబ్సెంటు. రిజిస్టర్ చూసుకోండి."

చూడక్కర్లేదు. మోకాలి లోతు మంచులో నడిచి ఆమె పది దాటాక వచ్చిందని, పేరుకెదురుగా ఎర్రగీత గీసింది నేనే.

జూనా దగ్గరికొచ్చి, తన పొడవాటి ఫిరన్ అంగీలోంచి కాంగ్డీ తీసి నా ముందు పెట్టింది.

"చలిగా ఉంది సిస్టర్. కాస్త కాచుకోండి."